సాంచల చప్పుడు: లెక్కకు రాని చెవుడు

భివండికి మనవాళ్లు ఎలా వచ్చారు, ఎన్ని సాంచలు నడిపారు అన్నది తరచుగా చెప్పుకుంటూనే ఉంటాం. ఆ సాంచలు మనవాళ్ల చెవులను ఏం చేశాయన్నది మాత్రం అంతగా చెప్పుకోలేదు.

1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లు ఇక్కడ చేమగ్గాలు వేశారు. 1930ల నుంచి కరెంటు మగ్గాలు వచ్చాయి. మిల్లులు పాతవని తీసేసినవి కూడా ఇక్కడికే చేరాయి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల పద్మశాలీలు వాటి మీద పనికి వచ్చి పద్మనగర్, నార్పోలి వైపు స్థిరపడ్డారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక అక్కడి పని ఎంతో భివండికి మళ్లింది.

సాంచ చప్పుడంతా దెబ్బల చప్పుడే. ఒకవైపు నుంచి కర్ర నాడెను కొడుతుంది, అవతలి పెట్టెలో అది ఢీకొని ఆగుతుంది. నిమిషానికి నూరుసార్లకు పైగా ఇదే తంతు. రేకుల కప్పు కింద అలాంటివి పదుల సంఖ్యలో నడిస్తే మోత 95, 100 డెసిబెల్స్‌కు చేరుతుంది. మన నిబంధనల లెక్కన 90 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు, 95లో 4, 100లో 2 గంటలకు మించి ఉండరాదు. ఇక్కడ షిఫ్టు 12 గంటలు!

మొదట్లో రాత్రి చెవుల్లో హోరు, తెల్లారేసరికి మాయం. కొన్నేళ్లకు ఆ హోరు పోదు. లోచెవిలోని సన్నని కణాలు చస్తే మళ్లీ పుట్టవు. ముందుగా పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరి సన్నని ధ్వని. అచ్చులు వినపడతాయి, స, ష, చ, త జారిపోతాయి. అంటే మాట వినపడుతుంది కాని అర్థం కాదు. బ్యాంకు కౌంటరు దగ్గర నేను చాలాసార్లు చూశాను: సాంచలు నడిపినవారు పేరు పిలిస్తే తిరగరు, ఎదుట నిలబడి మన పెదవుల వంక చూస్తారు. బిగ్గరగా మాట్లాడతారు. కొత్త గుమాస్తాలు అది కోపం అనుకుంటారు.

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండులోని లాంకషైర్ నేతగత్తెలు మోతలో పెదవుల కదలికతోనే మాట్లాడుకునేవారు. స్కాట్లండులోని డండీ జనపనార నేతగత్తెల చెవులను పరీక్షించి, ఏళ్లు గడిచేకొద్దీ వినికిడి ఎలా తగ్గిందో 1965లో ప్రకటించారు. వాళ్ల చెవుడు కాగితం మీదికి ఎక్కింది. మనవాళ్లది ఎక్కలేదు.

చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మోతవల్ల వచ్చే చెవుడును తప్పక తెలియజేయవలసిన వృత్తిరోగాల్లో చేర్చింది. కాని కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ. ఒకే కార్ఖానాను నాలుగు పేర్ల మీద విడగొడితే ఏదీ ఫ్యాక్టరీ కాకుండా పోయింది. పరిహార చట్టం కూడా ఈ చెవుడును గుర్తించింది, అయితే ఒకే యజమాని దగ్గర వరుసగా ఆరు నెలలు పనిచేసినట్టు చూపాలి. హాజరు పుస్తకమే లేనివాడు ఏం చూపుతాడు? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ ఆ పదిమందిని ఇరవై చేసింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే గుర్తింపు. అంతకు తక్కువైతే ఇంట్లో విసుగే తప్ప సర్టిఫికెట్టు ఉండదు.

సిరిసిల్లలోనూ ఇవే సాంచలు, ఇదే మోత. కాబట్టి మన సంఘాలు సన్మానాలతో పాటు ఏటా ఒకసారి చెవి పరీక్ష పెట్టించి, ఆ కాగితాలను భద్రపరచాలి. కుర్రవాళ్లకు చెవిలో దూదికి బదులు సరైన బిరడాలు ఇవ్వాలి. పోయిన వినికిడి తిరిగి రాదు. దాని లెక్కయినా మన చేతుల్లో ఉండాలి.