అంధులును పియానో శ్రుతివిద్యయును

వీణ నేర్చువాడు మొట్టమొదట అలవరచుకొనవలసినది శ్రుతి జ్ఞానము. బిరడలు త్రిప్పి తంతులను సరిచేసికొన్న పిమ్మటనే యాతడు సరళి నారంభించును. వాద్యమును వాయించువాడును, దాని మంచిచెడ్డలు చూచువాడును ఒక్కడే యగుట మనకు సహజముగ తోచును. ఐరోపా ఖండమునను పూర్వమిట్లే యుండెను. జర్మనీ సంగీతాచార్యుడగు బాహ్ తన హార్ప్సికార్డును తానే శ్రుతి చేసికొనెడివాడనియు, ఇతరుల చేతిపని యాయనకు తృప్తి నిచ్చెడిది కాదనియు ఆయన చరిత్రము వ్రాసిన ఫోర్కెల్ చెప్పియున్నాడు.

పియానో వచ్చిన పిమ్మట ఈ యాచారము సడలినది. 1700 ప్రాంతమున ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరమున క్రిస్తోఫోరి యను శిల్పి, మీట నొక్కగనే చిన్న సుత్తి తంతిని కొట్టి తక్షణమే వెనుకకు పడునట్లు ఒక యంత్రమును కల్పించెను. వ్రేలి యొత్తిడిని బట్టి నాదము మెల్లగనో గట్టిగనో పలుకుట దీని విశేషము. తరువాతి నూరు నూటయేబది యేండ్లలో ఈ పెట్టె బరువెక్కెను, తంతులు దళసరియయ్యెను, కొయ్యచట్రమునకు ఇనుము తోడయ్యెను. నేటి పియానోలో 88 మీటలును సుమారు 230 తంతులును ఉండును. ఆ తంతులన్నియు కలిసి చట్రమును లాగు బలము సుమారు 18 టన్నులు. ఇంతటి యంత్రమును సరిచేయుట గృహస్థుల వలన కాదయ్యెను. కలవారి బిడ్డలు వాయించుట నేర్చిరి. మూత తెరచి లోపల చేయి పెట్టుట కూలికి వచ్చు పనివాని పాలయ్యెను. విద్య యొకచోట, పని యొకచోట నుండుట మన దేశమునకును క్రొత్తది కాదు. బొబ్బిలి వీణను మెచ్చుకొనువారు వేలకొలది గలరు; గొల్లపల్లిలో పనసమ్రానును తొలిచి ఆ వీణను చేసినవాని పేరడుగువారెందరు?

ఈ భేదమును దాటినవాడు, అందులకు ఎవ్వరును తగడని తలచిన యొక యంధుడు. అతని కథయే యిచ్చట చెప్పదలచితిమి.

పారిసు నగరమున వాలంతె హవీ 1785లో అంధబాలురకు పాఠశాల స్థాపించెను. సంగీత మచ్చట ముఖ్యవిద్య. చుక్కల లిపిని కల్పించిన లూయీ బ్రెయిలీ 1819లో ఇచ్చటనే విద్యార్థిగ చేరెను. 1829లో ప్రకటించిన తన లిపియందు స్వరములకును గుర్తులు చేర్చెను. అంధుడు పియానో నేర్చు తీరు వేరు. ఒక చేతితో గుర్తులు తడవి చదువుచు రెండవచేతితో వాయించును. పిదప చేతులు మార్చును. రెండు భాగములును కంఠస్థమైన పిమ్మట గాని రెండుచేతులు కలియవు. కావున వాని విద్య యంతయు ధారణమీద నిలిచియుండును. వేదము వల్లించిన మనవారి కిది బోధపడకపోదు.

క్లోద్ మొంతాల్ 1800లో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. పసితనమున జ్వరము తగిలి ఇతని చూపు పోయెను. హవీ పాఠశాలలో చదివి అచ్చటనే బోధకుడయ్యెను. పాఠశాల పియానోలు అపస్వరము పలుకుచుండగా, ఇతడును తోటి యంధుడొకడును వానిని తామే శ్రుతి చేయబూనిరి. ఆ పనికి నియుక్తుడైన చూపుగల పనివాడు ఫిర్యాదు చేసెను. అంధులు వాద్యముల లోపల చేయి పెట్టరాదని అధికారి శాసించెను. వాయించుటకు తగిన వ్రేళ్లు సరిచేయుటకు తగవట! ఇది క్రౌర్యము కాదు, జాలి; జాలి కట్టిన గోడను దాటుట క్రౌర్యము కట్టిన గోడను దాటుటకంటె కష్టమని మా తలంపు. క్రూరునితో వాదింపవచ్చును, జాలిపడువాడు వాదమును విననే వినడు.

మొంతాల్ వాదింపలేదు. మిత్రులిద్దరును పాత పియానోనొకదానిని సంపాదించి, విడదీసి, ఏ మీట ఏ సుత్తిని కదల్చునో చేతులతో తడవి తెలిసికొని, మరల కూర్చిరి. అది పలుకగనే నిషేధము సడలెను. కడకు పాఠశాల వాద్యముల సంరక్షణ యంతయు వారికే దక్కెను.

శ్రుతి చేయుటలో కంటితో పని స్వల్పము. పియానోలో పెక్కు స్వరములకు మూడేసి తంతు లుండును. రెండింటిని మూసి యొకదానిని సరిచేసి, తక్కినవానిని దానితో కలుపవలెను. ఇంచుక తేడా యున్నయెడల నాదము అలవలె పొంగుచు క్రుంగుచు వినబడును, తేడా తగ్గినకొలది అల మందగించును, కలిసినప్పు డాగిపోవును. ఇంకొక చిక్కు గలదు. షడ్జమునుండి పంచమమునకు, దానినుండి దాని పంచమమునకు, ఇట్లు 12 మారులు శుద్ధముగ పోయినచో 7 స్థాయిలను దాటి యించుమించు అరస్వరములో నాలుగవవంతు మిగులును. ఆ మిగులును పండ్రెండు పంచమములకును సమముగ పంచి, ప్రతిదానిని రవంత తగ్గింపవలెను. దీని కంతయు చెవియే ప్రమాణము. ఒకమారు చేసిన చాలదు: తేమకు నాదఫలకము ఉబ్బి శ్రుతి హెచ్చును, ఎండకు తగ్గును, సుత్తుల ఉన్నిని చిమ్మటలు తినును. ఏటికి రెండుమారులైన చూడవలెను.

1830లో మొంతాల్ పాఠశాల విడిచి నగరమున వృత్తి నారంభించెను. అంధునికి పియానో నప్పగించుటకు జనులు వెనుదీసిరి. సంగీతాధ్యాపకు డొకడు తన రెండు పియానోలను ఒండొంటితో సరిపోవునట్లు చేయుమని పరీక్షించెను. ఆ పని నెగ్గిన పిమ్మట పారిసు సంగీతవిద్యాలయాచార్యులు ఇతనిని పిలువసాగిరి. తరువాత ఇతడు చూపుగలవారికి శ్రుతివిద్య బోధించెను. 1836లో ప్రకటించిన గ్రంథమునకు ‘తన పియానోను తానే శ్రుతి చేసికొను కళ’ యని పేరిడెను. వాయించువాని చేతికి విడిచిపోయిన పనిని మరల నప్పగింపజూచిన దొక యంధుడని పాఠకులు గమనింతురు గాక. తుదకు పియానోలు చేయు కార్ఖానాయే నెలకొల్పి, 1851 లండను మహాప్రదర్శనమున పతకము పొందెను. 1865లో మృతిచెందెను.

ఈ మార్గము సముద్రము దాటినది. చూపు చెడిన ఆంగ్లవైద్యుడు ఆర్మిటేజి, సంగీతముతో జీవించు అంధులు తన దేశముకంటె పారిసులో నెక్కువగ నుండుట గమనించెను. 1872లో ఫ్రాన్సిస్ క్యాంబెల్ అను అమెరికా దేశీయునితో కలిసి లండనులో అంధుల కళాశాల స్థాపించెను. వాయించుటతో పాటు శ్రుతి చేయుటయు అచ్చట పాఠ్యమే. క్యాంబెలు కంటిని పసితనమున ముల్లు పొడిచినది. ఇతనికి సంగీతము పట్టుబడదని చిన్ననాడు ఉపాధ్యాయులు త్రోసివేయగా, తోటి బాలు డొకనికి డబ్బిచ్చి చాటుగ పియానో పాఠములు చెప్పించుకొనెనట.