కూలి ఒక్కటే, కొలతలు మూడు

మా నస్పూరులో మనిషిని జీతమెంత అని అడిగితే బాగుండదు గానీ, "ఏ కేటగిరీ?" అని నిక్షేపంగా అడగవచ్చు.

బొగ్గుబాయిలో కొలతలు మూడుండేవి. ఒకటి నుండి ఆరో కేటగిరీ దాకా రోజుకూలి: మస్టరు పడితే డబ్బు. గుమాస్తాలకూ, సూపర్వైజర్లకూ గ్రేడులు, నెలజీతాలు. మూడోది ఫిల్లరుది. ఎన్ని టబ్బులు నింపితే అన్ని డబ్బులు!

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ హాలరు చెడి టబ్బే రాకపోతే? మా వీధిలోని పాత ఫిల్లరొకాయన అనేవాడు: "చేస్తనంటే పని లేకపాయె. గది నా తప్పా బిడ్డా?"

దీనికి జవాబు 'ఫాల్‌బ్యాక్ వేజి'. టబ్బులు దొరకని రోజున కూడా ఇంతకు తగ్గరాదనే హద్దు. 1975 జనవరి 1 నుండి అమలైన మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం మొదలు, దేశంలోని బొగ్గుగనుల కూలిరేట్లు ఎక్కువగా ఇలాంటి ఒప్పందాలలోనే తేలుతున్నాయి.

తర్వాత బొగ్గెత్తే యంత్రాలు దిగాయి. తట్టా చెమ్మసూ మూలపడ్డాయి. యంత్రం ఆగిన రోజున మాత్రం, "నీ టబ్బులెన్ని?" అని దాన్నెవరూ అడగరు!