జమ, ఖర్చు, తనిఖీ – సత్యం కంపెనీ చరిత్ర చెప్పే పాఠం

తెలుగువారి లెక్కల పుస్తకం తెరిస్తే అందులో చాలా మాటలు మన ఉర్దూలో వాడే మాటలే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, నగదు – ఇవన్నీ అరబీ, ఫారసీ భాషల నుండి దఫ్తర్ల మీదుగా తెలుగు కరణాల లెక్కల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. శ్రీకాకుళం ఒక సర్కారుకు ముఖ్యపట్టణంగా ఉన్న రోజుల గుర్తులు మన నోట ఇంకా ఉన్నాయన్నమాట. ‘తనిఖీ’ కూడా అలాంటి మాటే. దాని అసలు రూపం ‘తన్‌ఖీహ్’. పనికిరానిది తీసివేసి అసలు సంగతి తేల్చడమని దాని అర్థం. కాగితం చూసి సంతకం పెట్టడం తనిఖీ కాదు. ఈ చిన్న తేడా మరిచిపోతే ఎంత పెద్ద సంస్థ అయినా ఏమవుతుందో చరిత్రలో చూడవచ్చును.

పాత దివాలా

1906లో మన కోటబొమ్మాళి ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది అక్టోబరు 22న మద్రాసులో పేరుమోసిన అర్బత్‌నాట్ కంపెనీ చెల్లింపులు ఆపేసింది. దొరల కంపెనీ, పాత కంపెనీ, దానికేం భయమని వేలాదిమంది అందులో సొమ్ము దాచుకున్నారు. లోపల లెక్కలు ఎలా ఉన్నాయో అడిగినవాడు లేడు. చివరకు కంపెనీ పెద్ద సర్ జార్జి అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బ తిన్న మద్రాసు పెద్దలు మరుసటి ఏడాది, 1907లో, ఇండియన్ బ్యాంకు స్థాపించారు.

1913 నాటి ఇండియన్ కంపెనీల చట్టం, ప్రభుత్వ సర్టిఫికెట్టు ఉన్నవారే కంపెనీలకు ఆడిటర్లుగా ఉండాలన్నది. ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. 1923లో వచ్చిన ముసల్మాన్ వక్ఫ్ చట్టం ముతవల్లీలు ఏటా లెక్కలు కోర్టుకు అప్పగించాలని చెబుతూ, ఆదాయం 2,000 రూపాయలు దాటిన వక్ఫుల లెక్కలను ఆ కంపెనీ ఆడిటర్ల చేతనే తనిఖీ చేయించాలన్నది. అంటే వ్యాపారమైనా ధర్మనిధి అయినా పదిమంది సొమ్ముకు ఒకటే న్యాయం. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం, 1956లో కంపెనీల చట్టం వచ్చాయి. చట్టానికి కొదవ లేదు. అయినా 2009లో జరిగింది చూడండి.

సత్యం కథ

సత్యం కంప్యూటర్స్‌ను బి. రామలింగరాజు గారు 1987లో స్థాపించారు. అది హైదరాబాదు నుండి ఎదిగి 2001లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజిలో కూడా చేరింది. కంపెనీ చెప్పుకున్న లెక్క ప్రకారం ఉద్యోగులే 53,000 మంది. మన పల్లెల్లో అందరికీ తెలిసిన 108 అంబులెన్సు సేవను 2005లో ప్రారంభించిన సంస్థ కూడా రాజుగారు స్థాపించినదే. ఇంత మంచి పేరున్న మనిషిని లెక్క అడగడానికి ఎవరికి నోరు వస్తుంది?

2008 డిసెంబరు 16న కంపెనీ బోర్డు ఒక నిర్ణయం చేసింది. రాజుగారి కుటుంబానివైన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నది. ‘సత్యం’ ఇంగ్లీషు అక్షరాలను తిరగేస్తే ‘మేటాస్’ అవుతుంది. వాటాదారులు గొడవ చేయడంతో కొన్ని గంటల్లోనే నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న రాజుగారు బోర్డుకు ఉత్తరం రాసి నిజం ఒప్పుకున్నారు.

ఆ ఉత్తరంలోని అంకెలు విద్యార్థులకు లెక్కగా ఇవ్వదగినవి. 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లు. అందులో లేనిది 5,040 కోట్లు. అంటే నూరు రూపాయల్లో 94 రూపాయలు కాగితం మీదే! ఆ మూడు నెలల రాబడి 2,700 కోట్లని చూపారు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లన్నారు, ఉన్నది 61 కోట్లు. తీసివేసి చూడండి, రెండు చోట్లా తేడా 588 కోట్లే. లేని పనికి బిల్లు రాస్తే జీతాల ఖర్చు ఉండదు గదా! రాసిన ప్రతి రూపాయీ నేరుగా లాభంలోకి పోతుంది. ఆ లాభం ఎక్కడుందంటే చూపడానికి లేని బ్యాంకు నిల్వ రాయాలి. ఒక అబద్ధానికి రెండో అబద్ధం కాపలా.

తనిఖీ ఎక్కడ తప్పింది?

సత్యంలో ఆడిట్ కమిటీ ఉంది, ఇంటర్నల్ ఆడిట్ శాఖ ఉంది. ప్రైస్ వాటర్‌హౌస్ వంటి ప్రపంచ ప్రసిద్ధి గల ఆడిటర్లున్నారు. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ కూలిన తర్వాత 2002లో వచ్చిన సార్బేన్స్–ఆక్స్‌లీ చట్టం సత్యానికీ వర్తించింది. లెక్కల మీద అదుపు సరిగా ఉన్నదని పెద్దలు సంతకం చేయాలి, చేశారు కూడా. 2008 సెప్టెంబరులో కంపెనీ పాలన బాగున్నదని గోల్డెన్ పీకాక్ అవార్డు సైతం వచ్చింది!

తప్పింది చాలా సాదా చోట. ఫలానా ఖాతాలో ఎంత సొమ్ముందని ఆడిటరు బ్యాంకికి తానే ఉత్తరం రాయాలి. జవాబు తన చేతికే నేరుగా రావాలి. ఆ పనిని కంపెనీ వారి చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థ 2011లో తేల్చి, ఆడిటు సంస్థలపై 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పరీక్ష రాసిన పిల్లవాడి చేతికే మార్కుల రిజిస్టరు ఇచ్చినట్లయింది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేసి సంవత్సరాల శిక్ష వేసింది. వారిలో ఇద్దరు బయటి ఆడిటర్లు, ఒకరు కంపెనీ ఇంటర్నల్ ఆడిట్ అధిపతి. అప్పీలు మీద అదే ఏడాది మే నెలలో పై కోర్టు శిక్ష నిలిపి బెయిలు ఇచ్చింది. ఇక కంపెనీ సంగతి. ప్రభుత్వం 2009 జనవరిలోనే పాత బోర్డును తీసివేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్ణిక్ వంటివారిని నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున పాడుకుంది. అలా ఉద్యోగుల బ్రతుకులు నిలబడ్డాయి. షేర్లు కొనుక్కున్న చిన్నవాళ్ళ సొమ్ము మాత్రం చాలావరకు కరిగిపోయింది.

తర్వాత వచ్చిన చట్టం

ఈ దెబ్బ ముద్ర 2013 కంపెనీల చట్టంలో కనబడుతుంది. లిస్టెడ్ కంపెనీలో ఒకే ఆడిటు సంస్థ వరుసగా పదేళ్ళకు మించి ఉండరాదు. లోపలి అదుపు సరిగా పనిచేస్తున్నదా అని ఆడిటరు విడిగా అభిప్రాయం రాయాలి. పెద్ద మోసం కనబడితే కేంద్ర ప్రభుత్వానికి తెలపాలి. ఆడిటర్ల మీద నిఘాకు 2018 అక్టోబరులో నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ ఏర్పడింది. 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీల కంప్యూటరు లెక్కల్లో ఏ అంకె ఎప్పుడు మార్చారో తెలిసే గుర్తు చెరగకుండా ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. పూర్వం కరణాలు కొట్టివేత పక్కన చేవ్రాలు చేసేవారే, అదే పద్ధతి.

మనకెందుకీ గొడవ?

సోదర సోదరీమణులారా! మనవి కోట్లు కావు. చందాలు, పిల్లల స్కాలర్‌షిప్పు నిధి, పెళ్ళి సహాయం, అంతే. కాని ఐదు వందల చందా ఇచ్చిన రిక్షా తొక్కే అన్నకు ఆ ఐదు వందలే కోటి. ఏ సంఘమైనా నాలుగు పనులు చేసుకోవాలి. రసీదు పుస్తకాల నంబర్లు రాసిపెట్టాలి. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. ఏడాదికోసారి ఖజాంచీ కాక వేరొక సభ్యుడు బ్యాంకికి వెళ్ళి నిల్వ తెలుసుకుని రావాలి. ఆ అంకెను సర్వసభ్య సమావేశంలో అందరి ముందు చదవాలి.

ఇలా అడిగితే ఖజాంచీ సాహెబు నొచ్చుకుంటారేమోనని మన పెద్దలు మొహమాటపడతారు. నొచ్చుకోనక్కరలేదు. లెక్క సరిగా ఉన్న మనిషికి నలుగురి ముందు తనిఖీ జరగడం కంటె గౌరవం ఏముంటుంది? రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆయన పక్షాన నిలబడేది ఆ కాగితమే. వచ్చే సమావేశానికి సభ్యులందరూ వచ్చి లెక్కలు శ్రద్ధగా విని, సందేహమున్నచోట తప్పక అడగవలసిందిగా కోరుతున్నాను.