మిస్సోరీ మట్టి నుంచి మిరప చేను దాకా

పత్తి ఆకు మీద నూనె చుక్క పడ్డట్టు మచ్చలు లేచి, ఈనెల వెంట నల్లబడుతుంటే అద్దంకి వైపు రైతు పురుగుమందుల కొట్టుకి వెళ్లి రాగి మందుతో పాటు పౌషామైసినో ప్లాంటామైసినో ఒక పొట్లం అడుగుతాడు. పది లీటర్ల నీళ్లకి కాపర్ ఆక్సీక్లోరైడ్ 30 గ్రాములు, పొట్లంలోది 1 గ్రాము. మిరపలో బ్యాక్టీరియా ఆకుమచ్చ తెగులుకీ అదే లెక్క. ఆ గ్రాములో ఎక్కువ పాలు స్ట్రెప్టోమైసిన్, కొద్ది పాలు టెట్రాసైక్లిన్. మొదటిది క్షయరోగులకి పొడిచే ఇంజెక్షన్. రెండోదాని కథ ఇది.

దాని పుట్టిల్లు అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం వారి శాన్‌బోర్న్ పొలం. ఎరువు వేయకుండా పశుగ్రాసం పెంచుతున్న 23వ మడిలోంచి తీసిన మట్టి 1945లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకి చేరింది. అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, అప్పటికే డెబ్బై దాటినాయన, ఆ మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అది స్రవించే పదార్థానికి ఆ రంగు మీదే ఆరియోమైసిన్ అని పేరు పెట్టి 1948లో లోకానికి చెప్పారు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందు అదే.

ఆ పరిశోధనలకి పెద్ద దిక్కు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. టెట్రాసైక్లిన్‌ని ఆయనే కనిపెట్టాడని మనవాళ్లు రాసేస్తుంటారు. అభిమానం కొద్దీ రాసిందే గానీ నిజం కాదు. సూక్ష్మజీవి డగ్గర్‌కి దొరికింది. మట్టి నమూనాలు తెప్పించి జల్లెడ పట్టే ఆ పని నడిపిన పరిశోధన విభాగానికి అధిపతి సుబ్బారావు. ఆ పెద్దరికం చిన్నదేమీ కాదు, దానికి అతిశయోక్తి తోడు అక్కర్లేదు. మందు వెల్లడైన ఏడాదే, ఆగస్టులో, ఆయన పోయారు. తరువాత ఫైజర్ వాళ్లు టెర్రామైసిన్ తెచ్చారు. అదే కంపెనీలో లాయిడ్ కోనోవర్ ఆరియోమైసిన్ అణువులోంచి క్లోరిన్ తీసేసి టెట్రాసైక్లిన్ చేశాడు. ఈరోజు డాక్టర్లు ఎక్కువగా రాసే డాక్సీసైక్లిన్ 1967 నాటిది.

1994లో సూరత్‌లో ప్లేగు అనగానే జనం మందుల షాపుల మీద పడి టెట్రాసైక్లిన్ గొట్టాలన్నీ ఖాళీ చేశారు. మన పల్లెల్లో దీని అసలు అవసరం మాత్రం స్క్రబ్ టైఫస్‌కి. గట్ల మీది పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిజాతి పిల్లపురుగు కుట్టిన చోట సిగరెట్టు చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంకలోనో గజ్జలోనో ఉంటే ఎవరూ చూడరు. జ్వరం మాత్రం పట్టుకుని వదలదు. ఆ పురుగు కాటుతో ఒంట్లోకి చేరే జబ్బు క్రిమి మన కణాల్లో దూరి బతుకుతుంది కాబట్టి పెన్సిలిన్ జాతి మందులు దాన్నేమీ చేయలేవు. క్రిమి ప్రొటీన్లు తయారుచేసుకునే యంత్రాంగాన్నే ఆపేసే డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. వేళకి మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. పెచ్చు సంగతి తెలియక సెలైన్ మీద సెలైన్ ఎక్కించుకుంటూ వారం గడిపితే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇక భద్రత. ఈ మందుకి ఒక గుణం ఉంది: కాల్షియం కనిపిస్తే అంటుకుపోతుంది. చాలా జాగ్రత్తలకి మూలం అదే. పాత టెట్రాసైక్లిన్‌ని పెరుగన్నం తిని వేసుకుంటే సగం మందు పెరుగుతోనే పోతుంది. డాక్సీసైక్లిన్‌కి ఆ బాధ తక్కువే అయినా ఐరన్ మాత్రలకి, గ్యాస్ మందులకి రెండు మూడు గంటల ఎడం ఉండాలి. కడుపులో బిడ్డకి, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి పళ్లు ఏర్పడుతుంటాయి. మందు ఆ పళ్ల కాల్షియంలో చేరితే పన్ను పసుపుపచ్చగా, తర్వాత గోధుమరంగుగా మారుతుంది, ఎంత తోమినా పోదు. అందుకే గర్భిణులకి, చిన్నపిల్లలకి మామూలుగా ఇవ్వరు. స్క్రబ్ టైఫస్ లాంటి ప్రాణాంతకమైన జ్వరమైతే మాత్రం పిల్లలకి కూడా కొద్దిరోజులు డాక్సీసైక్లిన్ ఇవ్వొచ్చని ఇప్పటి వైద్యుల మాట. పళ్ల మీద దాని ప్రభావం తక్కువని తేలింది.

మిగతావి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. ఈ మందు వాడుతున్న మనిషికి ఎండ పడదు. మిరపకాయల కోతకి పొద్దున్నే చేలో దిగే కూలీకి మెడ, చేతులు కమిలి మంటపుడతాయి. రాత్రి గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటే గొట్టం గొంతుకింద ఆగి అన్నవాహికని పుండు చేస్తుంది. గ్లాసుడు నీళ్లు తాగి అరగంట కూర్చోవాలి. గడువు దాటిన పాత టెట్రాసైక్లిన్‌తో కిడ్నీలు పాడైన కేసులు 1963లోనే వెలుగుచూశాయి. ఇది డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు.

చేలో కొట్టే మందుకి ఆ చీటీ కూడా లేదు. నేలలోని క్రిములు రోజూ కాస్త కాస్త మందు రుచి చూస్తే దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటాయి, ఆ నేర్పు మనిషి క్రిములకీ అందిస్తాయి. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఈ జంట మందుని సాగులో ఆపాలని ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది, 2024 మొదటికల్లా వాడకం పూర్తిగా మానాలని ప్రతిపాదించింది. రైతుకి కోపం రావడం సహజమే, మచ్చ ఆగకపోతే నష్టం ఆయనదే. అయితే పత్తిలో ఈ మచ్చని విత్తనం దగ్గరే అడ్డుకోవచ్చు, ఆ నల్లమచ్చ తెగులు క్రిమి విత్తనం నూగులో దాక్కుని వస్తుంది. పాత రోజుల్లో కిలో పత్తి గింజకి 100 మిల్లీలీటర్ల గంధకామ్లం పట్టించి, నూగు పోయాక నీళ్లతో బాగా కడిగి విత్తేవారు. ఇప్పటి ప్యాకెట్ విత్తనం నూగు తీసే వస్తోంది.