‘అంధేర్ నగరీ’: ఒక ప్రహసన నిర్మాణం

భారతేందు హరిశ్చంద్రుడు ‘అంధేర్ నగరీ’ ప్రహసనాన్ని 1881లో వ్రాసినాడు. కాశీలో దశాశ్వమేధ ఘట్టం దగ్గర నాటకాలాడుతుండిన నేషనల్ థియేటర్ అనే సమాజం కోసం ఒక్క రోజులోనే దానిని ముగించి ఇచ్చినాడని ప్రతీతి. కథ ఆయన కల్పించినది కాదు. కూరాకుకూ మిఠాయికీ ఒకే ధర పలికే చీకటి నగరాన్ని గూర్చి, దాని నేలే తెలివిమాలిన రాజును గూర్చి ఉత్తర హిందూస్థానంలో సామెత ఒకటి ఇంటింటా వాడుకలో ఉన్నది. అందరెరిగిన కథ, తొందరలో వ్రాసిన రచన, పైగా నవ్వుల నాటకం. కాబట్టి దీనిని బాలవినోదంగా ఎంచి పక్కన పెట్టడం సులభం. కాని ఆయన రూపకాలలో ఇంత బిగువైన కట్టడం మరొకటి లేదు.

ఇందులో అంకాలు ఆరు. అంకమని పేరేగాని ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న దృశ్యం. మొదటిదానిలో ఒక మహంతు తన శిష్యులు నారాయణదాసునూ గోవర్ధనదాసునూ చెరొక దిక్కుకు భిక్షకు పంపుతూ, లోభం కూడదని హెచ్చరిస్తాడు. రెండవ అంకం బజారు. చదువరికి మొదట అడ్డు తగిలేది ఇదే. కబాబుల వాడు, శనగలమ్మే ఘాసీరాముడు, నారింజపండ్ల స్త్రీ, మిఠాయి వర్తకుడు, కూరగాయలామె, ఎండుపండ్ల మొగలు, చేపలామె ఒకరి తరువాత ఒకరు వచ్చి తమ సరకును పాటగానో కేకగానో చాటుకొంటారు. కథ దాదాపు కదలదు. అన్నిటి ధరా సేరుకు ఒక టకా, అనగా రెండు పైసలు. జీర్ణచూర్ణమమ్మే వాడి పాటలో ఉద్యోగులు లంచాలనూ, దొరలు దేశాన్నీ అరిగించుకొంటారు. బ్రాహ్మణుడొకడు జాతినే అమ్మకానికి పెడతాడు. టకా ఇస్తే ఏ కులమైనా మార్చి ఇస్తాడు. ఇంతవరకూ నవ్విన ప్రేక్షకుడు ఇక్కడ ఉలిక్కిపడతాడు.

ఈ అంకం బలం పుటలమీద తెలియదు, రంగం మీదనే తెలుస్తుంది. కన్నడదేశంలో పుట్టి కాశీలో హిందీ చదువుకొన్న బి.వి. కారంత్ దీనిని ప్రయోగించినప్పుడు, సంగీతాన్ని తన ప్రయోగాలకు ప్రాణంగా చేసుకొన్న ఆ దర్శకునికి ఈ కేకల బజారు ఎంత అనువుగా దొరికి ఉంటుందో ఊహించవచ్చును.

గోవర్ధనదాసు భిక్షలో దొరికిన ఏడు పైసలతో మూడున్నర సేర్ల మిఠాయి కొని తెస్తాడు. మంచికీ చెడుకూ ఒకే వెల ఉన్నచోట నిలువరాదని గురువు మూడవ అంకంలో వెళ్లిపోతాడు. శిష్యుడు తిండికి ఆశపడి నిలిచిపోతాడు.

నాలుగవ అంకం రాజసభ. సేవకుడు పాన్ వేసుకొమ్మంటే, తాగిన మత్తులో ఉన్న రాజు శూర్పణఖ వచ్చిందనుకొని బెదరిపోతాడు. అంతలో ఒక ఫిర్యాదు వస్తుంది. కల్లూ అనే కోమటి గోడ కూలి ఫిర్యాదీ మేక చచ్చింది. కోమటి తప్పును గోడ కట్టిన మేస్త్రీ మీదికి నెడతాడు. మేస్త్రీ సున్నపువాణ్ణీ, సున్నపువాడు నీళ్లు ఎక్కువ పోసిన భిస్తీనీ, భిస్తీ పెద్ద తోలుతిత్తి కుట్టిన కసాయినీ, కసాయి పెద్ద గొర్రెనమ్మిన కాపరినీ చూపుతారు. కొత్వాలు ఊరేగింపు సందడిలో గొర్రె పెద్దదో చిన్నదో చూడలేదంటాడు కాపరి. విచారణ సాగుతున్నకొద్దీ మేక పేరు కూడా రాజు నోట వేరు వేరు మాటలుగా మారిపోతుంది. ఇక్కడ మంత్రి తనలో తాననుకొనే మాట గమనింపదగినది. ఈ మూర్ఖుడు ఊరంతటినీ తగులబెట్టగలడని భయపడి, అతడే కొత్వాలును నిలదీస్తాడు. తెలివిలేని రాజు ఒక్కడే ఉంటే ఆ యంత్రం తిరగదు. తెలివిగల మంత్రి దానికి నూనె పోస్తున్నాడు.

బజారుకూ సభకూ గల సంబంధం ఇప్పుడు తెలుస్తుంది. అక్కడ వస్తువుకూ వెలకూ పొత్తు తెగినది. ఇక్కడ నేరానికీ శిక్షకూ తెగినది. రెండవ అంకాన్ని తొలగిస్తే నాలుగవది మూర్ఖరాజు కథగా మాత్రమే మిగులుతుంది. అయిదవ అంకంలో ఈ రెండు దారులూ కలుస్తాయి. కొత్వాలు బక్కపలుచని వాడు, ఉచ్చు పెద్దది. మేక చావుకు ఎవరో ఒకరికి శిక్ష పడాలి గనుక ఉచ్చుకు సరిపోయే మెడ కావాలి. కారుచవుక మిఠాయితో బలిసిన గోవర్ధనదాసును భటులు పట్టుకొంటారు.

చివరి అంకంలో గురువు శ్మశానానికి వచ్చి శిష్యుడు నిర్దోషి అని వాదించడు. ఆ రాజ్యంలో ఆ వాదానికి అర్థం లేదని ఆయనకు తెలుసు. శిష్యుని చెవిలో ఏదో చెప్పి, ఉరికంబం కోసం అతనితో పోటీకి దిగుతాడు. ఈ ముహూర్తాన చచ్చినవాడు నేరుగా వైకుంఠం చేరునట. మంత్రీ కొత్వాలూ కూడా పోటీకి వస్తారు. రాజుండగా మరొకరికి ఆ భాగ్యమెక్కడిదని రాజే ఎక్కుతాడు. మొదటి అంకంలో శిష్యునికి చెప్పిన లోభం మాట చివరకు సింహాసనానికి తగులుతుంది.

ఈ ముగింపు విలువ తెలియాలంటే 1873 నాటి ‘వైదికీ హింసా హింసా న భవతి’ని తలచుకోవాలి. అందులో పాపులకు శిక్ష వేయడానికి యమసభ కావలసి వచ్చినది. ఎనిమిదేండ్ల తరువాత ఆ లోకాంతర న్యాయస్థానం అక్కరలేకపోయినది. నాటకాలను నిషేధించే అధికారం ప్రభుత్వానికిచ్చిన చట్టం 1876లోనే అమలులోకి వచ్చి ఉన్నది. అట్టి కాలంలో రంగం మీద రాజును ఎవరూ చంపలేదు, ఎవరూ తిరుగబడలేదు. తన చట్టంతో తానే ఉరికెక్కినాడు. దీనికి ఒక ఏడాది ముందే, 1880లో, రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారి ‘వ్యవహార ధర్మబోధిని’ ప్రదర్శితమైనది. అందులోనూ నవ్వులపాలైనది కోర్టు వ్యవహారమే, అయితే అక్కడ గురి ప్లీడర్లు.

లోపాలు లేకపోలేదు. నారాయణదాసుకు నాటకంలో పనే లేదు. గురువు రాక మరీ తొందరగా జరుగుతుంది. రాజు ఉరికంబమెక్కగానే తెర పడుతుంది. మేక గలవాని ఫిర్యాదు ఏమైనదో ఎవరూ అడగరు.