పేగు శస్త్రచికిత్స అనంతర ఇనుము, విటమిన్ల లోపం

జీర్ణాశయంలో గాని పేగులో గాని కొంత భాగాన్ని తొలగించినప్పుడు, లేదా ఆహారం ఆ భాగం గుండా పోకుండా దారి మళ్లించినప్పుడు, తిన్న తిండిలోని ఇనుము, విటమిన్లు చాలినంతగా ఒంటబట్టక ఏర్పడే స్థితి ఇది. క్రోన్స్ వ్యాధి, పేగు క్షయ, క్యాన్సర్, పేగు మెలిపడడం, పేగుకు రక్తసరఫరా ఆగిపోవడం వంటి కారణాలతో జరిగే శస్త్రచికిత్సల తరువాతా, స్థూలకాయానికి చేసే బైపాస్ తరువాతా ఇది కనిపిస్తుంది. లోపం ఏమిటన్నది ఎంత పేగు పోయిందన్న దానితో పాటు ఏ భాగం పోయిందన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. ఈ సంగతి 19వ శతాబ్ది చివరి నుంచి 20వ శతాబ్ది మధ్య వరకు అంచెలంచెలుగా తేలింది. చికిత్స కూడా ఆ అవగాహన వెంటే మారుతూ వచ్చింది.

పోషకాలు ఒంటబట్టే చోట్లు

చిన్నపేగులో మూడు భాగాలున్నాయి. జీర్ణాశయాన్ని ఆనుకుని ఉన్నది ఆంత్రమూలం, దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. తరువాతది జెజునం, చివరిది ఇలియం. ఇనుము ప్రధానంగా ఆంత్రమూలంలోనూ జెజునం మొదటి భాగంలోనూ రక్తంలోకి చేరుతుంది. ఫోలిక్ ఆమ్లం కూడా పైభాగంలోనే ఎక్కువగా చేరుతుంది. బి12 విటమిన్ మాత్రం ఇలియం చివరి భాగందాకా ప్రయాణించాలి. కొవ్వు జీర్ణానికి కావలసిన పైత్య లవణాలను తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపేదీ ఇలియమే. జెజునం పోతే దాని పనిని ఇలియం కొన్ని నెలల్లో చాలావరకు అలవరచుకుంటుంది. ఇలియం పోతే బి12ను, పైత్య లవణాలను పీల్చుకునే పనిని జెజునం చేయలేదు.

తొలి శస్త్రచికిత్సలు, వింత రక్తహీనతలు

1880లో స్ట్రాస్‌బర్గ్‌లో యూజీన్ కోబెర్లే రెండు మీటర్లకు పైగా చిన్నపేగును తొలగించినా రోగి ప్రాణం నిలిచింది. 1881లో వియన్నాలో థియోడోర్ బిల్‌రోత్ క్యాన్సర్ సోకిన జీర్ణాశయపు కింది భాగాన్ని కోసి మిగిలిన దాన్ని ఆంత్రమూలానికి కలిపాడు. 1897లో జ్యూరిక్‌లో కార్ల్ ష్లాటర్ జీర్ణాశయాన్ని పూర్తిగా తొలగించి విజయం సాధించాడు. ఆ రోజుల్లో రోగి ఆపరేషన్ నుంచి కోలుకోవడమే గొప్ప. ఏళ్లు గడిచాక వచ్చే పోషక లోపం ఎవరి దృష్టిలోనూ లేదు.

అయితే అంతకు ముందే ఒక మొండి రక్తహీనత వైద్యులకు తెలుసు. లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ 1855లో దాన్ని వర్ణించాడు. 1872లో జ్యూరిక్ వైద్యుడు ఆంటన్ బియర్మర్ దానికి పెర్నీషియస్ ఎనీమియా అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. అప్పట్లో అది ప్రాణాంతకం. 1890లలో డెన్మార్క్ వైద్యుడు కనుడ్ ఫేబర్ పేగు ఇరుకైపోయిన రోగుల్లోనూ అలాంటి రక్తహీనతను గుర్తించాడు. పేగుకూ రక్తానికీ సంబంధం ఉందనడానికి అది తొలి ఆధారాల్లో ఒకటి.

కాలేయం నుంచి బి12 దాకా

రక్తం తీసి రక్తహీనత కలిగించిన కుక్కలు కాలేయం తింటే త్వరగా కోలుకుంటాయని 1920లలో జార్జ్ విపుల్ చూపాడు. దాన్ని ఆధారం చేసుకుని బోస్టన్‌లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ పెర్నీషియస్ ఎనీమియా రోగులకు రోజూ కాలేయాన్ని ఆహారంగా పెట్టారు. 45 మంది కోలుకున్న వైనాన్ని 1926లో ప్రకటించారు. ఈ ముగ్గురికీ 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. విపుల్ కుక్కలకు మేలు చేసింది కాలేయంలోని ఇనుమేనని, మైనాట్ రోగులకు మేలు చేసింది మరో పదార్థమని తరువాత తేలింది.

ఆ పదార్థం ఒంటబట్టడానికి జీర్ణాశయం ఏం చేస్తుందో బోస్టన్‌లోనే విలియం కాసిల్ కనిపెట్టాడు. ఆరోగ్యవంతుడి జీర్ణాశయంలో కొంతసేపు ఉంచి బయటికి తీసిన మాంసాన్ని ఇస్తే రోగుల రక్తం మెరుగుపడింది. మాంసం ఒక్కటే ఇస్తే ఫలితం లేదు. జఠర రసంలోని ఆ సహాయక పదార్థానికి ‘ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్’ అని పేరు పెట్టారు. జీర్ణాశయం మొత్తం తీసేసిన రోగికి కొన్నేళ్లకు బి12 లోపం తప్పదని దీనితో అర్థమైంది.

కాలేయంలోని అసలు పదార్థాన్ని 1948లో అమెరికాలో మెర్క్ సంస్థకు చెందిన కార్ల్ ఫోకర్స్ బృందం, ఇంగ్లండ్‌లో గ్లాక్సో సంస్థకు చెందిన లెస్టర్ స్మిత్ బృందం విడివిడిగా ఎర్రని స్ఫటికాల రూపంలో వేరుచేశాయి. దానికి బి12 అని పేరొచ్చింది. దాని నిర్మాణాన్ని ఎక్స్‌రేల సాయంతో 1950ల మధ్యలో డొరోతీ హాడ్జ్‌కిన్ తేల్చింది. ఆమెకు 1964లో రసాయనశాస్త్రంలో నోబెల్ దక్కింది.

ఫోలిక్ ఆమ్లం, సుబ్బారావు

1930 ప్రాంతంలో బొంబాయిలో పనిచేసిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, పేద గర్భిణులలో వచ్చే రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని చూపింది. 1941లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రజ్ఞులు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని సేకరించారు. దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో 1940ల మధ్య ఆ పని పూర్తయింది. ఆహారం పేగులో ఒంటబట్టక ప్రాణం తీసే స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ణి బలిగొంది. టామ్ స్పైస్ వంటి వైద్యులు ఫోలిక్ ఆమ్లంతో స్ప్రూ రోగుల రక్తహీనతను నయం చేయగలిగారు.

అదే సమయంలో ఒక ప్రమాదం కూడా బయటపడింది. బి12 లోపమున్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం మెరుగవుతుంది గాని నరాలు దెబ్బతినడం ఆగదు. కాళ్లు చేతుల్లో తిమ్మిరి, నడకలో తూలు, మతిమరపు ముదిరిపోతాయి. ఆపరేషన్ అయినవారికి ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టే ముందు బి12 సంగతి చూడాలన్న నియమం ఇప్పటికీ పాటించేది అందుకే.

ఇలియం పాత్ర

రేడియోధార్మిక కోబాల్ట్ చేర్చిన బి12ను నోటి ద్వారా ఇచ్చి, ఎంత ఒంటబట్టిందో మూత్రంలో కొలిచే పరీక్షను 1953లో రాబర్ట్ షిల్లింగ్ రూపొందించాడు. అలాంటి బి12తోనే 1959లో లండన్‌లో బూత్, మోలిన్ అనే పరిశోధకులు మనిషిలో అది ఇలియం చివరి భాగంలో చేరుతుందని నిరూపించారు. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, అతని సహచరులు వర్ణించిన పేగు వ్యాధి తరచు ఇలియం చివరి భాగంలోనే వస్తుంది. భారతదేశంలో పేగు క్షయ కూడా ఎక్కువగా ఇలియం, పెద్దపేగు కలిసే చోటనే ఉంటుంది. అందువల్ల ఈ రెండు వ్యాధుల ఆపరేషన్లలోనూ కోతకు గురయ్యేది బి12 చేరే భాగమే.

శరీరంలో 2 నుంచి 5 మి.గ్రా. దాకా బి12 నిల్వ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం కాలేయంలోనే. రోజుకు కావలసింది 2 మైక్రోగ్రాముల చిల్లర మాత్రమే. అందుకని లోపం ఆపరేషన్ అయిన 2 నుంచి 5 ఏళ్లకు గాని బయటపడకపోవచ్చు. మాంసం, గుడ్లు తినక పాలు కూడా తక్కువగా తీసుకునేవారిలో నిల్వలు ముందే తక్కువ కాబట్టి ఇంకా త్వరగా కనిపించవచ్చు. పేగును కలిపి కుట్టిన చోట ఆహారం నిలిచిపోయే వంపు ఏర్పడితే అక్కడ పెరిగిన బ్యాక్టీరియా బి12ను వాడేసుకుంటాయి. ఈ స్థితిలో యాంటీబయాటిక్‌లు పనిచేస్తాయి.

ఇనుము లోపం

1832లో ఫ్రెంచ్ వైద్యుడు పియెర్ బ్లో ఫెర్రస్ ఉప్పుతో చేసిన మాత్రలను ప్రచారంలోకి తెచ్చాడు. నేటి ఇనుము మాత్రలదీ అదే సూత్రం. శరీరంలో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు. దాని రోజువారీ నష్టం 1 నుంచి 2 మి.గ్రా. మాత్రమే. జీర్ణాశయంలోని ఆమ్లం పోయినా, ఆంత్రమూలాన్ని దాటించి పేగును కలిపినా ఆ నష్టాన్ని పూడ్చేంత ఇనుము కూడా లోపలికి రాకపోవచ్చు. పేగు కింది భాగంలో ఆపరేషన్ అయినవారిలో లోపానికి ప్రధాన కారణాలు వేరు: రక్తస్రావం, వాపు.

వాపు ఇనుమును ఎలా అడ్డుకుంటుందో 2000–2001లో హెప్సిడిన్ అనే హార్మోన్ వెలుగులోకి వచ్చాక తెలిసింది. వాపు ఉన్నప్పుడు కాలేయం దాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. అది పేగు కణాలలోంచి ఇనుము రక్తంలోకి రాకుండా దారి మూసేస్తుంది. అలాంటప్పుడు మాత్రలు మింగినా పెద్ద ఫలితం ఉండదు. ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా మోసం చేస్తుంది. వాపు లేనివారిలో ఫెరిటిన్ 30 మైక్రోగ్రాములకు లోపు ఉంటే లోపమని, వాపు ఉంటే 100 వరకూ లోపం ఉండవచ్చని క్రోన్స్ వ్యాధి మార్గదర్శకాలు చెబుతాయి. ఇవి లీటరు రక్తరసానికి చెప్పే లెక్కలు.

సిరలోకి ఎక్కించే ఐరన్ డెక్స్‌ట్రాన్ 1950లలో వచ్చింది. తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యల వల్ల వైద్యులు దాన్ని జంకుతూ వాడారు. తరువాత ఐరన్ సుక్రోజ్, 2000ల రెండో సగంలో ఫెర్రిక్ కార్బాక్సిమాల్టోజ్ వాడుకలోకి వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది. మాత్రలు పనిచేసేవారిలోనూ మోతాదుల తీరు మారుతోంది. ఒక మోతాదు హెప్సిడిన్‌ను పెంచి తరువాతి మోతాదును అడ్డుకుంటుంది కాబట్టి రోజు విడిచి రోజు వేసుకుంటే ఇనుము మెరుగ్గా ఒంటబడుతుందని 2017లో వెలువడిన స్విస్ అధ్యయనం సూచించింది.

కొవ్వులో కరిగే విటమిన్లు

ఇలియంలో 100 సెంటీమీటర్లకు మించి పోతే, మలంలో పోయే పైత్య లవణాలను కాలేయం భర్తీ చేయలేదు. కొవ్వు జీర్ణం కాదు, దానితో పాటే ఎ, డి, ఇ, కె విటమిన్లూ బయటికి పోతాయి. ఎ లోపంతో రేచీకటి, డి లోపంతో ఎముకల నొప్పి, కె లోపంతో ఆగని రక్తస్రావం వస్తాయి. పైత్య లవణాల వల్ల వచ్చే విరేచనాలకు వాడే కొలెస్టిరమిన్ ఈ విటమిన్లను ఇంకా తగ్గించవచ్చు.

సిర ద్వారా పోషణ

పేగు చాలా భాగం పోయినవారికి 1960లలో కొత్త దారి దొరికింది. స్వీడన్‌లో ఆర్విద్ వ్రెట్‌లిండ్ సిరలోకి ఎక్కించదగిన కొవ్వు ద్రవాన్ని తయారుచేశాడు. ఫిలడెల్ఫియాలో స్టాన్లీ డడ్రిక్ కుక్కపిల్లలను, ఆపై ఒక పసిబిడ్డను సిర ద్వారా ఇచ్చిన ఆహారంతోనే పెంచగలిగాడు. పేగును పూర్తిగా తప్పించేసరికి అంతవరకు కనిపించని లోపాలు బయటపడ్డాయి. 1970లలో జింకు లోపం అలాగే తెలిసింది. 1990ల చివర అమెరికాలో విటమిన్ల సరఫరా కొరవడినప్పుడు కొందరు రోగుల్లో థయామిన్ లోపం ప్రమాదకరంగా పరిణమించింది. అదే లోపం, స్థూలకాయపు ఆపరేషన్ తరువాత వాంతులు తగ్గనివారిలో కొద్ది వారాల్లోనే మెదడును దెబ్బతీయగలదు.

ప్రస్తుత సంరక్షణ

ఇలియం చివర 20 సెంటీమీటర్లకు మించి తొలగించినవారికి బి12 క్రమం తప్పకుండా ఇవ్వాలని సూచిస్తారు. సాధారణంగా నెలకు 1000 మైక్రోగ్రాముల సయనోకోబాలమిన్ ఇంజెక్షన్, లేదా 2–3 నెలలకోసారి హైడ్రాక్సోకోబాలమిన్ ఇస్తారు. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ సాయం లేకుండానే మింగిన బి12లో సుమారు 1 శాతం లోపలికి చేరుతుంది. ఆ కారణంగా కొందరికి రోజూ పెద్ద మోతాదు మాత్రలూ సరిపోతాయి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, ఫోలేట్, డి విటమిన్ పరీక్షలను నిర్ణీత వ్యవధుల్లో జీవితాంతం చేయించుకోవాలి.

ఆహారంలో మాంసం, కాలేయం, చేపల్లోని ఇనుము తేలిగ్గా ఒంటబడుతుంది. పప్పులు, ఆకుకూరల్లోని ఇనుముకు నిమ్మరసం, జామ, ఉసిరి వంటి సి విటమిన్ ఉన్నవి తోడైతే మంచిది. భోజనంతో పాటు టీ, కాఫీ తాగితే ఇనుము తగ్గుతుంది. కాల్షియం మాత్రలనూ ఇనుము మాత్రలనూ వేర్వేరు వేళల్లో వేసుకోవాలి. రక్తం పట్టడానికి ఆకుకూరలు బాగా తినమనే సలహా మాత్రం అందరికీ వర్తించదు. ఇలియం చాలా భాగం పోయి పెద్దపేగు మిగిలినవారిలో, జీర్ణం కాని కొవ్వు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. దానితో విడిగా మిగిలిన ఆక్సలేట్ పెద్దపేగు నుంచి రక్తంలోకి చేరి మూత్రపిండాల్లో రాళ్లు కడుతుంది. పాలకూర, తోటకూర, బచ్చలి వంటి ఆక్సలేట్ ఎక్కువున్న కూరలను వీరు తగ్గించాలి. పాలు, పెరుగు వంటి కాల్షియం ఉన్నవాటిని భోజనంతోనే తీసుకోవాలి. అందువల్ల మందులైనా ఆహారమైనా, ఏ భాగం ఎంత మేర తొలగించారో తెలిపే శస్త్రచికిత్స వివరాలను బట్టే నిర్ణయిస్తారు.