ఊహలో కదిలిన చిటికెన వేలు

ఎడమ చెయ్యి బల్ల మీద పరిచి, చిటికెన వేలిని మిగతా వేళ్లకు దూరంగా పక్కకు జరిపి చూడండి. ఆ పని చేసేది అరచేతి అంచున ఉండే ఒక చిన్న కండరం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో గ్వాంగ్ యూ, కెల్లీ కోల్ అనే పరిశోధకులు ఆ కండరాన్నే పట్టుకున్నారు. కొందరి చేత వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు దానికి కసరత్తు చేయించారు. ఇంకొందరిని వేలు కదపవద్దన్నారు, బలమంతా పెట్టి జరుపుతున్నట్టు ఊహించమన్నారు. కసరత్తు చేసినవాళ్ల వేలి బలం 30 శాతం పెరిగింది. ఏమీ చేయనివాళ్లది 3.7 శాతం. ఊరికే ఊహించినవాళ్లది 22 శాతం! ఎవరూ పట్టించుకోని కుడి చిటికెన వేలు కూడా ఊహించినవాళ్లలో 10 శాతం బలపడింది. 1992లో అచ్చయిన ఈ అంకెలు చదివిన దగ్గర్నుంచి నాకు ఒకటే ధ్యాస. ఈ ఊహ ఎక్కడ పుట్టింది, పక్షవాతంతో చెయ్యి పడిపోయిన మనిషి మంచం దాకా ఎలా వచ్చింది?

పలనాడులో ఈ ప్రశ్నకు బరువుంది. ఇక్కడి బతుకంతా చేతుల మీదే నడుస్తుంది. పత్తి తీయాలన్నా, కల్లంలో మిరపకాయలు ఏరాలన్నా, తొడిమలు తీయాలన్నా, దుర్గిలో రాయి చెక్కాలన్నా వేళ్లు ఆడాలి. పక్షవాతం వచ్చాక కాలు కొంత కూడదీసుకుని కర్ర పట్టుకుని నడిచేవాళ్లను ప్రతి ఊళ్లో చూస్తాం. చెయ్యి మాత్రం చాలామందికి అలా వేలాడుతూనే ఉంటుంది. సాధన చేస్తేనే చెయ్యి తిరిగొస్తుందంటారు ఫిజియోలు. కదలని చేత్తో సాధన ఎలా? ఆ ఇరుకులోంచి దారి చూపించేది ఊహ.

ఊహ చేతిని కదిలిస్తుందని మన రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు, కళ్లారా చూశాడు. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు మెట్ట చేలల్లో బోరు వేయించే ముందు పాయింటు చూసే మనిషిని పిలుస్తారు. ఆయన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. ఒకచోట కాయ నిటారుగా లేస్తుంది. ఆయన కావాలని లేపలేదు, ప్రమాణం చేయమన్నా చేస్తాడు. 1833లో షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త ఇలాంటి సంగతే తన చేతి మీద తనే పరీక్షించుకుని ఆంపియర్‌కు లేఖ రాశాడు. దారానికి కట్టి పట్టుకున్న బరువు దానంతటది ఊగుతోంది. కళ్లకు గంతలు కట్టుకుంటే ఆగిపోతోంది. ఊగుతుందన్న ఎదురుచూపే వేళ్లను తనకు తెలియకుండా కదిలిస్తోందని తేల్చాడు. 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లిషు వైద్యుడు దీనికి శాస్త్రంలో ఒక పేరు, ఒక చోటు ఇచ్చాడు. కొబ్బరికాయ కింద నీళ్లున్నాయో లేదో బోరు వేశాక తేలుతుంది. ఆ అరచెయ్యి మాత్రం అబద్ధమాడలేదు, మనసులో మెదిలినదాన్నే చేసి చూపించింది.

అంతకుముందు శతాబ్దాల్లో ఊహను కసరత్తుగా చూసినవాళ్లు వైద్యుల్లో నాకు కనపడరు, భక్తుల్లో కనపడతారు. పూలూ నీళ్లూ దొరకని చోట అభిషేకం, అలంకారం, నైవేద్యం ఒక్కొక్కటే మనసులో వరసగా జరిపే మానసపూజ మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. పూసలార్ కథ నాకు మరీ ఇష్టం. తిరునిన్రవూరులో ఉండే ఆ పేద శివభక్తుడికి గుడి కట్టే స్తోమత లేదు. అందుకని మనసులో ముహూర్తం పెట్టి, పునాది తీసి, రాళ్లు పేర్చి, సున్నం పూసి, బావి తవ్వి గుడి పూర్తి చేశాడు. కంచిలో పెద్ద గుడి కట్టిన పల్లవరాజుకు శివుడు కలలో కనిపించి, రేపు నేను పూసలార్ గుడికి వెళ్లాలి, నీ ప్రతిష్ఠ వాయిదా వేసుకో అన్నాడట. ఈ కథను తమిళంలో సేక్కిళార్ రాసింది 12వ శతాబ్దంలో, మన పలనాటి యుద్ధం జరిగిన శతాబ్దంలోనే. ఇందులో నన్ను పట్టేది మహిమ కన్నా ఆ వరస. పూసలార్ గుడిని ఊరికే తలుచుకోలేదు, పనిలో ఒక్క మెట్టూ దాటేయకుండా కట్టాడు. నేటి ఫిజియో రోగిని అడిగేదీ అదే.

ఇక 1930 దగ్గర నేను కాస్త ఎక్కువసేపే ఆగుతాను. ఈ చరిత్రలో నా మనిషి ఎడ్మండ్ జేకబ్సన్. 1888లో షికాగోలో పుట్టాడు, హార్వర్డ్‌లో చదివాడు, తర్వాత వైద్యుడయ్యాడు. ఆయన బెంగంతా మనుషులు ఒళ్లు బిగబట్టుకుని బతుకుతున్నారే అని. ఒక్కో కండరాన్నీ బిగించి వదులుతూ ఒంటిని సడలించే పద్ధతి మీద 1929లో పుస్తకం వేశాడు. కండరం నిజంగా సడలిందని చూపించాలంటే కొలవాలి. అందుకని వోల్టులో పదిలక్షల వంతు దాకా పసిగట్టే పరికరం కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. సడలింపు బాగా నేర్చినవాళ్లను చీకటి గదిలో పడుకోబెట్టి, ఒక శబ్దం వినగానే కుడిచెయ్యి మడుస్తున్నట్టు ఊహించమనేవాడు. మరో శబ్దం వినగానే ఆపేయాలి. చెయ్యి కదలదు, పక్కనున్నవాడికి ఏమీ కనపడదు. పరికరానికి మాత్రం తెలుస్తుంది! కుడి కండలో సన్నటి విద్యుత్తు పుడుతుంది, ఊహ ఆపగానే పోతుంది. ఎడమ చెయ్యి మడుస్తున్నట్టు ఊహిస్తే కుడి కండ నిద్రపోతూనే ఉంటుంది. ఆయన అంతటితో ఊరుకోలేదు. ఈఫిల్ టవర్‌ను తలుచుకోమంటే కంటి కండరాలు కదిలాయి, అంకెలు మనసులో లెక్కపెట్టమంటే నాలుక కదిలింది. మానసిక జపం చేసేవాళ్లు ఈ మాట వింటే తల పంకిస్తారు. 1931లో, చెయ్యి తెగిపోయిన మనిషిని పిలిచి, ఆ లేని చేతిని ఊహించమని, అదీ కొలిచాడు.

ఆయన ప్రయోగాల్లో అన్నిటికన్నా విలువైనది అంతగా పేరు రాని ఒక పరిశీలన. చెయ్యి మడవడాన్ని బయటి నుంచి బొమ్మలా చూస్తున్నట్టు ఊహిస్తే విద్యుత్తు కంటి కండరాల్లో పుట్టింది. చెయ్యి బరువు, కండ బిగువు లోపలి నుంచి అనుభవిస్తున్నట్టు ఊహిస్తే చేతిలో పుట్టింది. సినిమా చూసినట్టు చూడటం వేరు, ఒంట్లో పడి చేయడం వేరు. ఈ తేడాను 1931లోనే ఒక యంత్రం రాసిపెట్టింది.

దాన్ని ఆయన దేనికి వాడాడు? ఊహను ఆపడానికి. 1934లో వచ్చిన ఆయన పుస్తకం ప్రజలకు నేర్పింది సడలించుకోవడం. కదలని చేతికి ఈ దారిన కబురు పంపవచ్చన్న ఆలోచన అక్కడే ఆగిపోయింది. తర్వాత ఈ విద్యను ఎత్తుకున్నది ఆటలవాళ్లు. 1943లో బాణాలు విసరడం, బాస్కెట్‌బాల్ బుట్టలో వేయడం మనసులో సాధన చేస్తే గురి పెరుగుతుందని ఒక ప్రయోగం చెప్పింది. 1960లో మరొకటి వచ్చింది. 1967లో ఆస్ట్రేలియాలో అలన్ రిచర్డ్‌సన్ అప్పటిదాకా వచ్చినవన్నీ పోగేసి చూశాడు. ఒలింపిక్ ఆటగాడికి అందిన ఊహ, మంచంలో ఉన్నవాడికి అందడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్లలో ఎన్ని చేతులు నిష్కారణంగా ఒడిలో పడి ఉండిపోయాయో తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మళ్లీ కదలిక వచ్చింది ఫ్రాన్సులో. 1989లో లియాన్‌లో జాన్ దెసెతీ, మార్క్ జనరో బృందం కళ్లు మూసుకుని ఒక గురి దాకా నడిచే సమయం, నడుస్తున్నట్టు ఊహించే సమయం దాదాపు ఒకటేనని చూపింది. కోటప్పకొండ మెట్లు మనసులో ఎక్కినా, దూరం పెరిగేకొద్దీ సమయం పెరగాల్సిందే. చిటికెన వేలి ప్రయోగం మరో చిక్కుముడి విప్పింది. వాళ్లు ఊహిస్తున్నప్పుడు కండరం నిశ్శబ్దంగానే ఉంది. జేకబ్సన్ కండలో వెతికిన రహస్యం మెదడులో ఉందన్నమాట. 1995లో పాస్కుయల్ లియోనే అనే పరిశోధకుడు ఐదు రోజుల పాటు రోజుకు రెండు గంటలు పియానో వాయిస్తున్నట్టు ఊహించినవాళ్ల మెదడులో వేళ్లకు సంబంధించిన ప్రాంతం విస్తరించిందని చూపించాడు. మన పక్కింటివాడు అనదగ్గ మద్రాసు వైద్యుడు వి.ఎస్. రామచంద్రన్ ఒక మామూలు అద్దంతో మంచి చెయ్యిని చెడిన చెయ్యిగా మెదడుకు చూపించే ఉపాయం కనిపెట్టాడు. 1999లో దాన్ని పక్షవాతం వచ్చిన తొమ్మిది మంది మీద ప్రయత్నించారు.

2001 నుంచి అమెరికాలో స్టీఫెన్ పేజ్ అనే పరిశోధకుడు ఊహను చికిత్సగా పరీక్షించాడు. 2007 నాటి ప్రయోగంలో పక్షవాతం వచ్చి ఏడాది దాటిన 32 మందికి వారానికి రెండుసార్లు, ఆరు వారాలు అరగంట ఫిజియోథెరపీ ఇచ్చారు. ఆ తర్వాత సగం మందికి అరగంట ఊహ టేపు, మిగతావాళ్లకు ఉత్త సడలింపు టేపు. ఊహ టేపు విన్నవాళ్ల చెయ్యి ఎక్కువ మెరుగైంది. ఆ ఊహ టేపు కూడా కండరాలు బిగించి వదలడంతోనే మొదలవుతుంది. జేకబ్సన్ పద్ధతి చివరికి చేరాల్సిన చోటికి చేరింది.

అందరికీ పని చేస్తుందా? 2011లో బ్రిటన్‌లో 121 మందితో చేసిన పెద్ద ప్రయోగంలో ఊహ ఒక్కటే అయితే లాభం కనపడలేదు. 25 అధ్యయనాలు, 676 మంది రోగులను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష మామూలు చికిత్సకు తోడుగా ఊహ చేరిస్తే చెయ్యి మెరుగవుతుందని చెప్పింది. కాబట్టి ఫిజియో మానేసి కళ్లు మూసుకుని కూర్చోమని ఎవరైనా చెబితే నమ్మకండి. మెదడులో దెబ్బ తగిలిన చోటును బట్టి కొందరికి ఊహే సరిగా నడవదు, అదీ ముందు చూసుకోవాలి.

నాకు మిగిలిన పంతం ఆ టేపుల గురించే. పేజ్ టేపులో రోగిని మొదట వెచ్చటి సముద్రపు ఒడ్డున పడుకున్నట్టు ఊహించుకోమంటారు. తర్వాత కప్పు అందుకోవడం, పుస్తకంలో పేజీ తిప్పడం, కలం పట్టుకోవడం. మాచర్ల దగ్గర మిరప చేలల్లో నలభై ఏళ్లు చేసిన ఆవిడ చేతికి ఆ సముద్రం దేనికి? ఆవిడ ఒంట్లో ఉన్నది ఎండుమిరపకాయ గలగల, తొడిమ విరిచేటప్పుడు బొటనవేలి గోటికి తగిలే ఒత్తిడి, వేడన్నంలో గోంగూర పచ్చడి కలిపి ముద్ద చేసేటప్పుడు అరచేతికి తెలిసే వెచ్చదనం, పైట అంచు పట్టుకుని దోపుకునే తిప్పు. లోపలి నుంచి అనుభవిస్తేనే కండ స్పందిస్తుందని 1931లోనే తేలిన మాట నిజమైతే, ఈ పనులే పాఠం కావాలి. గురజాల, నరసరావుపేటల్లో ఫిజియోలు ఉన్నారు, ప్రతి ఇంట్లో మాట రికార్డు చేసే ఫోను ఉంది. ఏ పనిని ఏ వరసలో, ఏ వేలితో చేస్తారో ఆ ఇంటి ఆడబిడ్డనో, పక్క వరసలో కాయలేరిన తోటి కూలీనో అడిగి ఫిజియో రాసుకోవాలి. దాన్ని ఫోనులోకి చదివే గొంతు రోగికి బాగా తెలిసినదై ఉండాలి, తొందరపడకూడదు. ఒక తొడిమ తీయడానికి నిజంగా ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, అప్పుడు రెండో కాయ అందివ్వాలి.